కరువు, తిండి, వలస: పాలమూరు పల్లెల్లో నేను వినే అపోహలు

పాలమూరు, దేవరకొండ వైపు పల్లెల్లో మెట్ట రైతులకు పంట సలహాలు ఇవ్వడం నా పని. వలస మాట వచ్చినప్పుడల్లా వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: వానలు తగ్గిపోయాయి, అందుకే ఈ కష్టం.

వాస్తవం: వాన ఎంత పడిందన్న దానికంటే ఎప్పుడు పడిందన్నదే ఇక్కడ పంటను తేలుస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే కురిస్తే కుండపోత, లేదంటే రోజుల తరబడి బెట్ట. 2009లో కరువుతో పంటలు ఎండాయి, అదే ఏడాది అక్టోబరులో అలంపురం వరదలో మునిగింది. చెల్క నేలలో, అంటే ఇసుక కలిసిన ఎర్ర నేలలో, తేమ ఎక్కువ రోజులు నిలవదు. మిరుగుకు (జూన్‌లో వచ్చే మృగశిర కార్తెకు) గింజ వేశాక బెట్ట పడితే మొలకలు మాడిపోతాయి, మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ అప్పు. పత్తి పగిలే వేళ వాన పడితే ఇంకో దెబ్బ: తేమ 12 శాతం దాటిన పత్తిని సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనదు. వలస పనికి కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్స్‌కు రైతు చేయి చాపేది అప్పుడే. పొట్ట చేతపట్టుకుని పోయారంటాం గానీ, చాలా ఇళ్లలో ముందు కదిలించేది అప్పే.

అపోహ: కాలువలొచ్చాయి, పాలమూరు వలస ముగిసింది.

వాస్తవం: కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలతో నీళ్లందిన చోట తిరిగొచ్చి సాగు చేస్తున్నవాళ్లున్నారు, అది పెద్ద ఊరట. కానీ నారాయణపేట, కొడంగల్ వైపు చాలా ఊళ్లు, కృష్ణా నది పక్కనే ఉన్నా ఎత్తున ఉన్న, దేవరకొండ వైపు చందంపేట తండాలు ఇంకా వాన మీదే బతుకుతున్నాయి.

అపోహ: రేషన్ బియ్యం ఉంటే ఆహార భద్రత ఉన్నట్టే.

వాస్తవం: బియ్యం ఆకలి తీరుస్తాయి, పప్పు లోటు తీర్చవు. జొన్న, కంది కలిపి వేసిన రోజుల్లో ఇంటి తిండి చేనులోనే పండేది. పత్తి ఒక్కటే వేస్తే పంట పోయిన ఏడు పప్పు కూడా కొనుక్కోవాలి. అందుకే పత్తిలో కొన్ని సాళ్లు కంది వేయమని పట్టుబట్టి చెబుతాను.

అపోహ: వలస పోతే రేషన్ పోతుంది.

వాస్తవం: 2013 ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డైతే, ఆధార్ అనుసంధానం ఉంటే ముంబై, పుణెల్లోనూ తీసుకోవచ్చు. ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు తమ వాటా ఇక్కడే తెచ్చుకోవచ్చు. బస్సెక్కేముందే డీలర్ దగ్గర వేలిముద్ర పడుతుందో లేదో చూసుకోండి.