పంజాబ్‌లో ఆఫీసు టైమింగ్స్ గొడవ, దాని వెనక వరినాట్లు

పంజాబ్‌లో వరినాట్ల సీజన్ దగ్గరపడితే చాలు, ప్రభుత్వ ఆఫీసుల టైమింగ్స్ మీద చర్చ మళ్లీ లేస్తుంది. 2023లో ముఖ్యమంత్రి భగవంత్ మాన్ మే 2 నుంచి జులై 15 దాకా ఆఫీసులను పొద్దున 7:30 నుంచి మధ్యాహ్నం 2 వరకే నడిపించారు. కరెంటు లోడు ఒంటిగంటన్నర తర్వాతే పెరుగుతుందని, 2 గంటలకల్లా ఆఫీసులు మూసేస్తే 300 నుంచి 350 మెగావాట్ల దాకా తగ్గుతుందని ఆయన లెక్క. ఉద్యోగులకు సాయంత్రం ఇంటిపట్టున ఉండే వీలు దొరుకుతుందని కూడా అన్నారు. 2021 జులైలో అమరీందర్ సింగ్ ప్రభుత్వమూ టైమింగ్స్ మార్చింది గానీ, అప్పటికే కరెంటు కోతలతో జనం రోడ్డెక్కారు.

ఈ 300 మెగావాట్లు ఎందుకంత ముఖ్యమయ్యాయో తెలియాలంటే 2008కి వెళ్లాలి. భూగర్భ జలాలు అడుగంటుతున్నాయని ఆ ఏడాది ఆర్డినెన్సు తెచ్చారు, 2009లో దాన్నే చట్టం చేశారు. మే 10కి ముందు నారు పోయకూడదు, జూన్ 10కి ముందు నాట్లు వేయకూడదన్నది అప్పటి నియమం. మండు వేసవిలో మడిలో నీళ్లు ఆవిరైపోకుండా ఆపడం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ మే నుంచే మొదలయ్యే నాట్లన్నీ జూన్‌లో కొద్ది వారాల్లోకి కుదించుకుపోయాయి. రాష్ట్రంలో సుమారు 14 లక్షల వ్యవసాయ మోటార్లున్నాయి. 1997 నుంచి, మధ్యలో కొన్నేళ్లు తప్ప, రైతులకు కరెంటు ఉచితం. నాట్లప్పుడు రోజుకు 8 గంటల సరఫరా ఇస్తామని ప్రభుత్వం మాటిస్తుంది. ఆ మోటార్లూ, పట్నాల్లో ఏసీలూ ఒకేసారి లోడు లాగడం అప్పటినుంచే ఎక్కువైంది.

విద్యుత్ ఇంజనీర్ల సంఘం ఏళ్లుగా చెబుతున్నది ఇదే. ఆఫీసుల టైమింగ్స్ మార్చొద్దని వాళ్లు అనలేదు. 2024లో ముఖ్యమంత్రికి రాసిన లేఖలో 7 నుంచి 2 వరకు నడపమని వాళ్లే అడిగారు. మాల్స్, దుకాణాలు సాయంత్రం 7కి మూయించమన్నారు. దాంతోపాటు నాట్లను జూన్ 25 తర్వాతకు జరపాలని, నీళ్లు ఎక్కువ తాగే పూసా-44 బదులు త్వరగా పండే పీఆర్-126 లాంటి రకాలు వేయించాలని కోరారు. నాట్లు అంత ఆలస్యమైతే రుతుపవనాలు వచ్చి మోటార్ల భారం కొంత మోస్తాయి. అసలు పట్టు ఈ సూచనలోనే ఉంది. 2023లో ఆఫీసులు మధ్యాహ్నమే మూసినా, జూన్‌లో పీక్ (ఒకేసారి పడే అత్యధిక కరెంటు లోడు) 15,000 మెగావాట్లు దాటింది. 350 అంటే అందులో రెండు శాతం చిల్లర.

ప్రభుత్వం మాత్రం ఎదురు దిక్కుకు నడిచింది. 2025లో జూన్ 1 నుంచే జోన్ల వారీగా నాట్లకు అనుమతిచ్చింది. పంట కోత ముందే అయితే అక్టోబరులో ధాన్యంలో తేమ తగ్గి, మండీల్లో (ధాన్యం మార్కెట్లలో) రైతులకు ఇబ్బంది ఉండదన్నది దాని వాదన. 2024లో 16,000 మెగావాట్లు దాటిన పీక్, 2025లో ఆ రికార్డునూ మించిపోయింది.