సెర్చ్‌కి క్లస్టర్ కావాలా, లోడ్ బ్యాలెన్సర్ చాలా? అపోహలు - వాస్తవాలు

సెర్చ్ కాస్త నెమ్మదించగానే చాలా టీముల్లో మొదట వచ్చే మాట "క్లస్టర్ వేసేద్దాం", అంటే చాలా మెషీన్లను కలిపి ఒకే వ్యవస్థగా నడుపుదాం అని. అంతకంటే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఇండెక్స్ (సెర్చ్ వెతికే డేటా) మొత్తం ఒక్క మెషీన్‌లో పడుతుందా? కొత్త డాక్యుమెంట్ సెర్చ్‌లో కనబడటం ఒక నిమిషం ఆలస్యమైతే ఫర్వాలేదా? రెండింటికీ అవుననే జవాబైతే సోలర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ నడిచే ఒక లీడర్ (కొత్త డాక్యుమెంట్లు చేరే సర్వర్), దాని నుంచి 60 సెకన్లకోసారి ఇండెక్స్ కాపీ చేసుకునే రెండు ఫాలోయర్లు, వాటి ముందు క్వెరీలను పంచే లోడ్ బ్యాలెన్సర్‌గా హెచ్‌ఏప్రాక్సీ చాలు.

అపోహ: క్లస్టర్ పెడితే ప్రతి క్వెరీ వేగంగా వస్తుంది.

ఇండెక్స్‌ని నాలుగు షార్డులు (ముక్కలు) చేస్తే ప్రతి క్వెరీ మామూలుగా నాలుగింటికీ వెళ్లాలి, అన్నిటికంటే వెనకబడ్డ షార్డు కోసం ఆగాలి, ఆపైన ఫలితాలను కలపాలి. 10 జీబీ ఇండెక్స్‌కి ఇదంతా దండగ. సోలర్ లాంటి మరో సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ కూడా 2019లో 7.0 వెర్షన్‌తో డిఫాల్ట్ ప్రైమరీ షార్డులను 5 నుంచి 1కి తగ్గించింది. సెకనుకు వచ్చే క్వెరీలు పెరిగితే కావలసింది కాపీలు, ముక్కలు కాదు.

అపోహ: రెండు నోడ్లు (క్లస్టర్‌లోని సర్వర్లు) ఉంటే ఒకటి పోయినా క్లస్టర్ నడుస్తుంది.

మాస్టర్ (క్లస్టర్‌ని నడిపించే నోడ్) ఎన్నికకు సగానికి మించి ఓట్లు కావాలి. రెండు ఓట్లలో సగానికి మించి అంటే రెండూ. అందుకే ఎలాస్టిక్‌సెర్చ్ 7 నుంచి ఇలాంటి జంటలో ఒకదాన్ని ఓటింగ్ నుంచి పక్కన పెడుతుంది. ఓటున్న నోడ్ పడిపోతే రెండోది బతికున్నా లాభం లేదు. సోలర్ క్లస్టర్ రూపమైన సోలర్‌క్లౌడ్‌కి, దాన్ని సమన్వయపరిచే జూకీపర్ సర్వర్ల విషయంలోనూ ఇదే లెక్క: 3 ఉంటే ఒకటి పోవచ్చు, 5 ఉంటే రెండు పోవచ్చు. 4 పెట్టినా తట్టుకునేది ఒక్కటే.

లోడ్ బ్యాలెన్సర్ వెనకున్న ఫాలోయర్లకు ఎన్నికలూ లేవు, ఓట్లూ లేవు. ఒక్కటి మిగిలినా జవాబిస్తుంది. లీడర్ పడిపోతే కొత్త డాక్యుమెంట్లు చేరడం ఆగుతుంది గానీ పాత ఇండెక్స్‌తో సెర్చ్ నడుస్తూనే ఉంటుంది. రాయడం కూడా ఆగకూడదంటే మాత్రం క్లస్టర్ తప్పదు.

అపోహ: చచ్చిన సర్వర్‌ని లోడ్ బ్యాలెన్సర్ తనే పసిగడుతుంది.

హెచ్‌ఏప్రాక్సీలో సర్వర్ లైన్‌లో "చెక్" అని రాయకపోతే అది అసలు చూడదు. రాస్తే డిఫాల్ట్‌గా 2 సెకన్లకోసారి చూసి, వరసగా 3 సార్లు విఫలమైతేనే తప్పిస్తుంది. ఆ కొద్ది సెకన్లూ యూజర్లకు ఎర్రర్లు వెళ్లవచ్చు. అందులోనూ ఉత్త పోర్టు చెక్‌తో సరిపెట్టకండి. కోర్ (సోలర్‌లో ఒక ఇండెక్స్) లోడ్ కాకపోయినా పోర్టు తెరిచే ఉంటుంది. సోలర్ బాగుందో లేదో చెప్పే పింగ్ హ్యాండ్లర్‌నే హెచ్‌టీటీపీ చెక్‌గా పెట్టండి. అందులో హెల్త్‌చెక్ ఫైల్ సెట్ చేసుకుంటే, రీస్టార్ట్‌కి ముందు పింగ్‌ని డిసేబుల్ చేసి ఆ సర్వర్‌ని మెల్లగా పక్కకు తప్పించొచ్చు. తిరిగొచ్చాక క్యాష్ ఖాళీగా ఉంటుంది కాబట్టి 60 సెకన్ల స్లోస్టార్ట్ (లోడ్‌ని మెల్లగా పెంచడం) ఇవ్వండి.

లోడ్ బ్యాలెన్సర్ ఒక్కటే ఉంటే అదే పెద్ద ప్రమాదం. రెండు పెట్టి, ఒకటి పోతే రెండోది ఐపీ అందుకునేలా చేసే కీప్‌అలైవ్‌డీతో ఒకే ఐపీ పంచండి.

అపోహ: ఏ కాపీని అడిగినా ఫలితం ఒక్కటే.

ఫాలోయర్లు వేర్వేరు క్షణాల్లో కాపీ చేసుకుంటాయి. మొదటి పేజీ ఒకటి, రెండో పేజీ ఇంకొకటి ఇస్తే అదే వస్తువు రెండుసార్లు కనబడుతుంది. కుకీతో యూజర్‌ని ఒకే సర్వర్‌కి కట్టేయండి. క్లస్టర్‌లోనూ ఈ బాధ ఉంది: తొలగించిన డాక్యుమెంట్లు ఒక్కో రెప్లికాలో (కాపీలో) ఒక్కోలా మిగిలి, ఫలితాల వరసను తేల్చే స్కోర్లు మారతాయి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ప్రిఫరెన్స్‌గా (ఏ కాపీని అడగాలో తేల్చే సెట్టింగ్) సెషన్ ఐడీ పంపితే తగ్గుతుంది.

అపోహ: రెప్లికా ఉంటే బ్యాకప్ అక్కర్లేదు.

పొరపాటున కొట్టిన డిలీట్ అన్ని కాపీలకూ చేరుతుంది. స్నాప్‌షాట్ (ఒక క్షణంలో ఇండెక్స్‌కి తీసిన నకలు) వేరే చోట ఉండాల్సిందే.

అపోహ: మూడు నోడ్ల డిస్కులు 70 శాతం నిండినా ఇంకా చోటున్నట్టే.

ఒక నోడ్ పోతే 210 శాతం సరుకు రెండు డిస్కుల్లో పట్టాలి, అంటే చెరి 105. ఎలాస్టిక్‌సెర్చ్ డిఫాల్ట్‌గా 85 శాతం దాటిన నోడ్‌కి రెప్లికాలు ఇవ్వదు, 95 దాటితే ఆ ఇండెక్స్‌లో రాయనివ్వదు. మూడు నోడ్ల క్లస్టర్‌లో ఒక్కో డిస్కునీ 55 శాతం దగ్గరే ఆపండి.