ఆన్‌లైన్‌లో సాయం అడిగేవాళ్లను నమ్మాలా వద్దా: అపోహలు, వాస్తవాలు

ముక్కూ మొహం తెలియని మనిషి "మా అమ్మకి ఆపరేషన్, ఆదుకోండి" అని పెట్టిన పోస్టు నిజమా కాదా చూసి, డబ్బు ఎవరి చేతికి వెళ్లాలో తేల్చే పని తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. మాది చిన్న వలంటీర్ల బృందం. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. జనం దేన్ని చూసి నమ్ముతారో అదంతా ఎవరైనా తయారు చేసుకోగలిగిందే. దేన్ని చూసి అనుమానిస్తారో అది మాత్రం చాలాసార్లు నిజంగా కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరే కనిపిస్తుంది. నా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చే అపోహల్ని ఆ కోణంలోనే చూడమని కోరుతున్నాను.

అపోహ: చదవగానే నాకు తెలిసిపోతుంది, అబద్ధం అయితే మనసు ఒప్పుకోదు.

వాస్తవం: తెలియదండీ. మీకే కాదు, నాకూ తెలియదు. అబద్ధాన్ని మనుషులు ఎంతవరకు పట్టగలరన్న దాని మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ ఛార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు కలిపి చూసి 2006లో ఫలితం ప్రచురించారు. 24,000 మందికి పైగా ఇచ్చిన తీర్పుల్లో సరైనవి సగటున 54 శాతం. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది. అది కూడా మనిషిని చూస్తూనో వింటూనో ఇచ్చిన తీర్పులు ఎక్కువగా ఉన్న లెక్క. మన ముందున్నది నాలుగు పేరాలూ రెండు ఫొటోలూ మాత్రమే.

పైగా కథ వినగానే మనసు కరగడం మన స్వభావం. డెబోరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, లక్షల మంది ఆకలి గురించి అంకెలు చూపించినప్పటికంటే ఒక్క ఏడేళ్ల పాప గురించి చెప్పినప్పుడు జనం ఎక్కువ ఇచ్చారు. ఆ పాప కథకి అంకెలు జోడిస్తే మళ్లీ తగ్గింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మనుషులం కాబట్టి ఒక మొహం కనిపిస్తే చెయ్యి ముందుకు వెళ్తుంది. కాకపోతే మోసం చేసేవాడికీ ఈ సంగతి తెలుసు.

అపోహ: రిపోర్టులు, బిల్లులు అన్నీ పెట్టారు, ఇంకేం కావాలి?

వాస్తవం: నేను చూసిన మోసాల్లో బిల్లులు లేనివి తక్కువ. వాటిలో చాలా బిల్లులు నిజమైనవే, వేరే కుటుంబానివి. ఎవరో తల్లిదండ్రులు నిజంగా పెట్టిన పోస్టుని ఎత్తుకొచ్చి, ఫొటోలూ కాగితాలూ అలాగే ఉంచి, అకౌంట్ నంబరు ఒక్కటి మార్చి తిప్పుతారు. అప్పుడు మీరు ఎంత పరిశీలించినా బిడ్డ నిజం, జబ్బు నిజం, హాస్పిటల్ నిజం, డబ్బు మాత్రం దొంగకి వెళ్తుంది.

అదే ఫొటో ఇంటర్నెట్‌లో ఇంకెక్కడ ఉందో చూపించే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేసి వెతకడం మంచిదే, నేను రోజూ చేస్తాను. కానీ ఎక్కడా దొరకలేదంటే నిజమని కాదు, అద్దంలో చూసినట్టు తిప్పేసి అంచులు కత్తిరిస్తే వెతుకులాటకి చిక్కకపోవచ్చు. పది చోట్ల దొరికిందంటే అబద్ధమనీ కాదు, నిజమైన కుటుంబం పోస్టు కూడా పది చోట్ల తిరుగుతుంది. అలాంటప్పుడు అన్నిటికంటే పాతది ఏదో చూసి, అందులో ఉన్న అకౌంట్ నంబరూ మీకు వచ్చిన నంబరూ ఒకటేనా అని పోల్చండి.

మేము ఎక్కువగా నమ్ముకునేది ఇంకొకటి. పేషెంట్ రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతాం. హాస్పిటల్ ఫోన్ నంబరు పోస్టులో ఉన్నది వాడం, మేమే వెతికి పట్టుకుంటాం. బిల్లింగ్ కౌంటర్‌కి ఫోన్ చేసి ఒకే మాట అడుగుతాం: "ఈ నంబరు మీద మేము డబ్బు కట్టొచ్చా?" జబ్బేమిటో వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా, మాకు అవసరం లేదు. కట్టించుకుంటే అక్కడే కట్టేస్తాం. అప్పుడు అడిగిన మనిషి మంచివాడా కాదా అన్న ప్రశ్నకి జవాబు దొరకకపోయినా వైద్యం ఆగదు. స్కూలు ఫీజు, ఇంటద్దె, మందులు, ఏదైనా ఇంతే, చేరాల్సిన చోటికి నేరుగా చేరేలా చూడటమే.

"అప్పు చేసి కట్టేశాను, ఆ అప్పు తీర్చాలి" అనే జవాబు వస్తుంది. మోసగాళ్లూ అంటారు, నిజమైనవాళ్లూ అంటారు, ఎందుకంటే బిడ్డ ఐసీయూలో ఉంటే విరాళాలు వచ్చేదాకా ఎవరూ ఆగరు. అలాంటప్పుడు రసీదు నంబరు అడిగి, దాన్నే కౌంటర్‌లో చెక్ చేయిస్తాం.

అపోహ: మాటకి మాట పొంతన లేదు, ఫోన్ ఎత్తడు, చేతిలో మంచి ఫోన్ కూడా ఉంది. కచ్చితంగా మోసమే.

వాస్తవం: ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక తండ్రి రాశాడు. రెండు మెసేజీల్లో రెండు తేదీలు ఉన్నాయి, బిల్లు ఫొటో సగం తెగిపోయి వచ్చింది, మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. 'అనుమానం' అని రాసి పక్కన పెట్టేశాను. నాలుగు రోజుల తర్వాత మా వలంటీరు ఒకరు మనసు ఊరుకోక బిల్లింగ్ కౌంటర్‌కి ఫోన్ చేస్తే అంతా నిజమని తేలింది. ఆయన వారం రోజులుగా వరండాలో కూర్చుని ఉన్నాడు, నిద్ర లేదు, ఏ రోజు ఏ తేదీయో తెలియని స్థితి. మేము తేల్చేలోపు ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకున్నాడు. ఆ వడ్డీలో కొంత నా వల్లే అని ఇప్పటికీ అనుకుంటాను.

కష్టంలో ఉన్న మనిషి తారుమారుగా మాట్లాడతాడు. అడగడానికి సిగ్గుపడి సగం దాస్తాడు. మంచి ఫోన్ అంటారా, కష్టం రాకముందు కొన్నదే అయి ఉంటుంది, ఉద్యోగం పోయిన రోజే ఫోన్ మాయమైపోదు కదా. మరోవైపు, అన్ని కాగితాలూ వరసగా పెట్టి, అడగకముందే అన్నిటికీ జవాబు రాసి, చివర్లో ఎవరిదో "కజిన్" అకౌంట్ నంబరు ఇచ్చిన ఫైళ్లు నన్ను ఎక్కువ టెన్షన్ పెడతాయి. పొంతన లేకపోతే ఇప్పుడు మళ్లీ అడగడమే నా పద్ధతి, పక్కన పెట్టడం కాదు.

అపోహ: తప్పులతో రాస్తే దొంగ, చక్కగా రాస్తే నిజం.

వాస్తవం: కార్మాక్ హెర్లీ అనే మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు 2012లో, నైజీరియా నుంచి పెద్ద సొమ్ము వస్తుందని ఆశ చూపే మోసపు ఈమెయిళ్ల గురించి రాసిన వ్యాసంలో ఒక లెక్క ఉంది. జవాబిచ్చే ప్రతి మనిషి మీదా మోసగాడికి సమయం ఖర్చవుతుంది కాబట్టి, పూర్తిగా నమ్మేవాళ్లు మాత్రమే మిగిలేలా మొదటి మెసేజీ కావాలనే నమ్మశక్యం కాకుండా రాస్తాడని. సాయం పేరుతో వచ్చే పోస్టులు ఆ కోవవి కావు. అక్కడ ఎక్కువ మంది నమ్మాలి, అందుకే శ్రద్ధగా రాస్తారు, ఇప్పుడైతే ఏఐతో ఏ భాషలో కావాలన్నా తప్పు లేకుండా రాయించుకోవచ్చు. భాషని బట్టి తీర్పు ఇస్తే మీరు దూరం పెట్టేది చదువుకోని పేదవాళ్లనే.

అపోహ: ఇంతమంది ఇచ్చారు, నాకు పంపింది కూడా తెలిసిన మనిషే.

వాస్తవం: 2017లో అమెరికాలో ఒక కథ ప్రపంచమంతా తిరిగింది. నడిరోడ్డు మీద పెట్రోలు అయిపోయిన ఒక అమ్మాయికి, ఇల్లు లేని ఒక మాజీ సైనికుడు తన దగ్గరున్న ఆఖరి 20 డాలర్లు ఖర్చు పెట్టి పెట్రోలు తెచ్చాడని. ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే గోఫండ్‌మీ అనే వేదికలో సుమారు 14,000 మంది కలిసి నాలుగు లక్షల డాలర్లకి పైగా ఇచ్చారు. మరుసటి ఏడాది ప్రాసిక్యూటర్లు బయటపెట్టింది ఏమిటంటే, ఆ ఇద్దరూ, అమ్మాయి స్నేహితుడూ కలిసి అల్లిన కథ అది. దాతలకి ఆ వేదిక డబ్బు తిరిగి ఇచ్చింది. నేరుగా అకౌంట్‌కి పంపిన డబ్బు అలా వెనక్కి రావడం చాలా కష్టం, గిఫ్ట్ కార్డు నంబర్లు చెప్పేస్తే ఇక ఆశ వదులుకోవాల్సిందే.

తెలిసినవాళ్లు పంపితే ఒకే ప్రశ్న వేయండి: "వీళ్లు మీకు స్వయంగా తెలుసా?" తొంభై పాళ్లు "లేదు, నాకూ ఎవరో పంపారు" అంటారు. స్నేహితుడి అకౌంట్ నుంచే "నాకు అర్జెంటుగా కావాలి" అని వస్తే, అది హ్యాక్ అయి ఉండొచ్చు, మీ దగ్గరున్న పాత నంబరుకి ఫోన్ చేసి గొంతు వినండి, మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటి అడగండి, గొంతుని కూడా అనుకరించే రోజులు వచ్చేశాయి.

"గంటలో కట్టకపోతే అంతే, ఎవరికీ చెప్పకండి" అనే పద్ధతి చాలా పాతది. స్పెయిన్ జైల్లో ధనవంతుడు చిక్కుకున్నాడు, విడిపించడానికి రహస్యంగా డబ్బు పంపండి అని 19వ శతాబ్దంలోనే ఉత్తరాలు రాసేవారు. తొందర నిజమే అయి ఉండొచ్చు. కానీ నిజంగా తొందర ఉన్నవాళ్లు వీలైనంత మందికి చెప్పమంటారు, దాచమనరు.

అపోహ: డబ్బు అడగలేదు కాబట్టి మోసం కాదు.

వాస్తవం: లేని జబ్బు చెప్పుకుని సానుభూతి కోసం మాత్రమే రాసేవాళ్లూ ఉన్నారు. మార్క్ ఫెల్డ్‌మన్ అనే సైకియాట్రిస్టు 2000లో దీనికి 'ముంచౌసెన్ బై ఇంటర్నెట్' అని పేరు పెట్టారు. ఈరోజు ప్రాణం పోయేంత పరిస్థితి, రేపు అద్భుతంగా కోలుకోవడం, జనం దృష్టి వేరే వాళ్ల మీదికి మళ్లగానే కొత్త విపత్తు, "అక్క" పేరుతో వచ్చిన పోస్టు కూడా అదే శైలిలో ఉండటం, ఇవీ ఆయన చెప్పిన గుర్తులు. అలాంటివాళ్లని పదిమందిలో నిలదీయకండి, వాళ్లకీ వేరే రకం సాయం కావాలి. రాత్రింబవళ్లు మేలుకుని వాళ్లతో మాట్లాడే స్నేహితులని మాత్రం పక్కకి పిలిచి చెప్పండి.

అపోహ: డబ్బు చేతికిస్తే పాడు చేస్తారు.

వాస్తవం: పేదలకి నేరుగా డబ్బు ఇచ్చే పథకాల మీద వచ్చిన 19 అధ్యయనాలని డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా ప్రపంచ బ్యాంకు కోసం 2014లో పరిశీలించారు. మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిందనడానికి దాదాపు ఎక్కడా ఆధారం లేదు. మేము బిల్లు నేరుగా కట్టేది వాళ్లు పాడు చేస్తారని కాదు, మధ్యలో ఎవరూ కాజేయకూడదని.

అపోహ: ప్రశ్నలు అడిగితే వాళ్లని అవమానించినట్టు.

వాస్తవం: ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. "అడిగిన ప్రతి ఒక్కరినీ ఇవే అడుగుతాం, మీకు తొందరగా అందాలనే అడుగుతున్నాం" అని ముందే చెప్తే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నిజమైనవాళ్లు ఒక్కోసారి విసుక్కుంటారు, ఏడుస్తారు, అయినా నంబరు ఇస్తారు. జవాబు బదులు "మీకు మనసు లేదా" అన్న మాట మాత్రమే మళ్లీ మళ్లీ వస్తుంటే ఆగండి. బాధలో ఉన్న బిడ్డ వీడియో అడగకండి, గుర్తింపు కార్డు అందరికీ కనిపించేలా పెట్టించకండి, ఆ కార్డుతోనే రేపు ఇంకొకడు మోసం చేస్తాడు.

ఎంత చేసినా తేలనివి ఉంటాయి. పోయినా బాధపడనంత ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అది మీ ఇష్టం. ఇవ్వలేకపోతే "చూస్తాను" అని వదిలేయకండి. "మా వల్ల కాలేదు, దయచేసి వేరే చోట ప్రయత్నించండి" అని నేను ఆ రోజే రాసేస్తాను, ఎందుకంటే మన "చూస్తాను" మీద ఆశ పెట్టుకున్న మనిషి ఇంకొకరిని అడగడం ఆపేస్తాడు.