టీఎస్‌హెచ్ నార్మలే, మరి గడ్డ సంగతి?

విజయవాడ సూర్యారావుపేటలో ఏ సందులోకి తిరిగినా ఒక ల్యాబు, దాని ముందు పరగడుపున వచ్చి కూర్చున్న జనం, గోడ మీద ప్యాకేజీల బోర్డు కనిపిస్తాయి. ఆ బోర్డులో థైరాయిడ్ ప్రొఫైల్ తప్పకుండా ఉంటుంది. మెడ ముందు భాగంలో, గుటక వేసినప్పుడల్లా పైకీ కిందికీ కదిలే గడ్డ ఒకటి కనిపిస్తే ఇంట్లోవాళ్ళు ముందు తీసుకెళ్ళేది అక్కడికే. సాయంత్రానికి రిపోర్టు ఫోనులోకి వస్తుంది. టీ3, టీ4, టీఎస్‌హెచ్ మూడూ హద్దులోనే ఉంటాయి, పక్కన ఏ గుర్తూ ఉండదు. "అన్నీ నార్మలేనంట వదినా, భయమేం లేదంట" అని చుట్టాలకి కబురు కూడా వెళ్ళిపోతుంది.

రిపోర్టులో తప్పేమీ లేదు. కాకపోతే అది క్యాన్సర్ సంగతి చెప్పే రిపోర్టు కాదు. థైరాయిడ్ గ్రంథి హార్మోను సరిపడా తయారు చేస్తోందా లేదా అన్నంతవరకే అది చెబుతుంది. గడ్డలో క్యాన్సర్ ఉన్నా మిగతా గ్రంథి తన పని తాను చేసుకుపోతుంది కాబట్టి, థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఈ మూడు అంకెలూ మామూలుగానే ఉంటాయి. కరెంటు బిల్లు సరిగ్గా వచ్చిందని గోడలో పగుళ్ళు లేవని తేల్చుకుంటామా? ఇదీ అంతే.

గడ్డ కనబడగానే గుండె జారిపోనక్కర్లేదు. చేతితో తడిమితే తెలిసే థైరాయిడ్ గడ్డలు పెద్దవాళ్ళలో నూటికి ఐదుగురి దాకా ఉంటాయి. అల్ట్రాసౌండ్ పెట్టి వెతికితే, ఎవర్ని ఏ యంత్రంతో చూశారన్నదాన్ని బట్టి, నూటికి 19 నుంచి 68 మందిలో ఏదో ఒక గడ్డ దొరుకుతుంది. పరీక్ష దాకా వచ్చిన గడ్డల్లో క్యాన్సర్‌గా తేలేవి 7 నుంచి 15 శాతం. అందులోనూ ఎక్కువ భాగం పాపిల్లరీ రకం, నెమ్మదిగా పెరిగేది.

ఇంతకీ రక్త పరీక్షలు దండగా అంటే కాదు. టీఎస్‌హెచ్ తప్పకుండా చేయించాల్సిందే, కాకపోతే దాన్ని చదివే పద్ధతి వేరు. టీఎస్‌హెచ్ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది, థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. గడ్డే సొంతంగా హార్మోను తయారు చేసి రక్తంలోకి వదులుతుంటే పిట్యూటరీ తగ్గుతుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది. అప్పుడు న్యూక్లియర్ స్కాన్ చేస్తారు. అందులో అది 'హాట్' గడ్డ, అంటే తానే హార్మోను చేసేస్తున్న గడ్డ అని తేలితే క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ, సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూసే సూది పరీక్ష సాధారణంగా అవసరం పడదు. అంటే రిపోర్టులో అంకె తేడాగా వచ్చినవాళ్ళకే క్యాన్సర్ భయం తగ్గుతోందన్నమాట!

రెండో వైపు సంగతి 2006లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యులు చూపించారు. గడ్డలున్న దాదాపు 1,500 మందిని చూస్తే, టీఎస్‌హెచ్ నార్మల్ హద్దులోనే ఉన్నా, పై అంచుకి దగ్గరయ్యేకొద్దీ క్యాన్సర్ పాలు పెరుగుతూ వచ్చింది. థైరాయిడ్ కణాలను పెరగమని ప్రోత్సహించేది టీఎస్‌హెచ్చే కనుక ఇందులో వింత లేదు. కానీ ఇది గుంపు లెక్క. మీ టీఎస్‌హెచ్ పై అంచుకి దగ్గరగా 3.8 వచ్చిందని మీ గడ్డ గురించి ఎవరూ తీర్పు చెప్పలేరు.

జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొన్ని ల్యాబు యంత్రాలు పని చేసేదే బయోటిన్‌కి అతుక్కునే పదార్థంతో. రక్తంలో బయోటిన్ నిండా ఉంటే టీఎస్‌హెచ్ లేనట్టుగా తక్కువ చూపిస్తాయి. లేని 'హాట్' గడ్డ కోసం స్కాన్‌కి పరుగెత్తాల్సి వస్తుంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్ర ఆపేయాలి.

క్యాన్సర్‌ని నిజంగా పట్టి ఇచ్చే రక్త పరీక్ష ఒకటుంది, కాల్సిటోనిన్. థైరాయిడ్‌లో హార్మోను చేసే కణాల మధ్య సి-కణాలని వేరే రకం కొన్ని ఉంటాయి. వాటిలో పుట్టేది మెడుల్లరీ క్యాన్సర్. ఆ కణాలు కాల్సిటోనిన్ వదులుతాయి కాబట్టి గడ్డ ఉన్నప్పుడు రక్తంలో అది పెరుగుతుంది. ఈ హార్మోను గది వేడికి త్వరగా పాడైపోతుంది. అందుకే శాంపిల్‌ని చల్లగా ఉంచి, వెంటనే సీరం (రక్తంలోని పలచటి ద్రవం) వేరుచేసి, దాన్ని మంచులా గడ్డకట్టించి పంపాలి. మే నెలలో మన ఎండకి ట్యూబు బల్ల మీద వదిలేస్తే, వచ్చే అంకెని నమ్మలేం.

అంకె ఎంతుంటే ఏమిటి? 2007లో వచ్చిన ఒక ఇటలీ అధ్యయనంలో కాల్సిటోనిన్ మిల్లీలీటరుకి 100 పికోగ్రాములు దాటినవాళ్ళందరికీ మెడుల్లరీ క్యాన్సరే ఉంది. 50కీ 100కీ మధ్య ఉన్నవాళ్ళలో నలుగురికి ఒకరు. 20 నుంచి 50 మధ్యలో పదిమందికి ఒక్కరు కూడా లేరు. ఆ మధ్య మెట్టు మీద నిలబడ్డవాళ్ళకే ఇబ్బంది. కిడ్నీ జబ్బు ఉన్నా, గ్యాస్ మాత్రలు చాలాకాలంగా వేసుకుంటున్నా కాల్సిటోనిన్ కొంచెం పెరుగుతుంది. గుంటూరు కారం తినే మన ఇళ్ళలో పాంటోప్రజోల్ లేని మందుల డబ్బా ఉంటుందా చెప్పండి! పైగా గడ్డలున్న వెయ్యి మందిలో మెడుల్లరీ ఉండేది ముగ్గురికో నలుగురికో. అందుకే అందరికీ ఈ పరీక్ష చేయాలా వద్దా అన్నది వైద్యులే తేల్చుకోలేదు. ఐరోపాలో చాలాచోట్ల చేస్తారు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు చేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉన్నా, సూది పరీక్షలో అనుమానం వచ్చినా, ఆపరేషన్ నిర్ణయించే ముందైనా చేయించడమే మేలని నాకనిపిస్తుంది.

ఇంట్లోవాళ్ళ మాట ఎత్తానంటే కారణముంది. మెడుల్లరీ క్యాన్సర్‌లో దాదాపు పావు వంతు వంశపారంపర్యం. దానికి మూలం రెట్ అనే జన్యువులో మార్పు అని 1993లో తేలింది. తల్లికో తండ్రికో ఆ మార్పు ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. ఒక్కసారి రక్తం తీసి జన్యువు చూస్తే చాలు, గడ్డ పుట్టకముందే ముప్పు తెలిసిపోతుంది. మార్పు రకాన్ని బట్టి కొందరు పిల్లలకి ఐదేళ్ళ లోపే, అతి ప్రమాదకరమైన రకంలో ఏడాది లోపే థైరాయిడ్ తీసేస్తారు. 'క్యాన్సర్ ముప్పు చెప్పే రక్త పరీక్ష' అన్న మాటకి థైరాయిడ్‌లో పూర్తిగా తగినది ఇదొక్కటే. అవసరం పడేది మాత్రం బహు కొద్ది కుటుంబాలకి.

ప్యాకేజీల్లో కనిపించే యాంటీ-టీపీఓ అనే యాంటీబాడీ పరీక్ష చెప్పేది హషిమోటో జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేసేది) గురించి, గడ్డ గురించి కాదు. ప్యాకేజీల్లో 'క్యాన్సర్ మార్కర్' పేరుతో ఉండే సీఈఏ మెడుల్లరీలో పెరగొచ్చు కానీ, పాపిల్లరీ గురించి ఏమీ చెప్పదు. పొగతాగేవాళ్ళలో ఊరికే పెరుగుతుంది కూడా.

రక్తంలో తేలే క్యాన్సర్ డీఎన్ఏని పట్టుకునే లిక్విడ్ బయాప్సీ మాటేమిటి? పాపిల్లరీలో బీరాఫ్ జన్యు మార్పు తరచుగా కనిపిస్తుంది కాబట్టి దాని కోసం వెతుకుతున్నారు. చిక్కేమిటంటే చిన్న, నిదానంగా పెరిగే గడ్డ రక్తంలోకి వదిలే డీఎన్ఏ అతి స్వల్పం. రాస్ అనే ఇంకో మార్పు మామూలు గడ్డల్లోనూ ఉంటుంది, దొరికినా క్యాన్సర్ అనలేం. విదేశాల్లో వాడే అఫిర్మా, థైరోసెక్ లాంటి జన్యు పరీక్షలు చేసేది రక్తం మీద కాదు, సూదితో గడ్డలోంచి తీసిన కణాల మీద.

ఎటు తిరిగినా సూది దగ్గరికే వస్తాం. "రక్తంలో తెలీదాండీ? గెలికితే పాకుద్దంట కదండీ" అని అడగని పేషెంటు అరుదు. థైరాయిడ్‌లో సూది దారిన క్యాన్సర్ పాకడం అత్యంత అరుదు. ముందు అల్ట్రాసౌండ్ చూస్తారు: గడ్డ గట్టిగా, నల్లగా ఉందా, అంచులు గజిబిజిగా ఉన్నాయా, వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువా, లోపల ఇసుక రేణువుల్లాంటి సున్నపు చుక్కలున్నాయా అని. వాటిని బట్టి టైరాడ్స్ అంకె వేస్తారు, అంకె పెరిగేకొద్దీ అనుమానం ఎక్కువన్నమాట. 2017 నాటి అమెరికన్ రేడియాలజీ పద్ధతిలో 5 వస్తే సెంటీమీటరు దాటగానే సూది, 3 అయితే రెండున్నర సెంటీమీటర్ల దాకా ఆగొచ్చు. సూది వేసేటప్పుడు భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వాలుస్తారు. "గుటక వేయకండమ్మా, మాట్లాడకండి" అంటూ రక్తం తీసే సూది కన్నా సన్నదాన్ని గుచ్చి, కొన్ని సెకన్లు ఆడించి, వచ్చిన చుక్కని గాజు పలక మీద పరుస్తారు. ఆ కణాలు ఎలా కనిపించాయో చెప్పే బెథెస్డా అంకె రిపోర్టులో 1 నుంచి 6 దాకా ఒకటి ఉంటుంది. 2023 లెక్కల ప్రకారం 2 వస్తే క్యాన్సర్ అవకాశం సగటున 4 శాతం, 6 వస్తే 97. గొడవంతా అటూ ఇటూ తేలని 3 దగ్గరే, అక్కడది 22 శాతం.

గడ్డ ఏమీ లేనివాళ్ళు ప్యాకేజీలో ఉంది కదా అని మెడ స్కాన్ చేయించుకోవడం నాకు నచ్చదు. దక్షిణ కొరియాలో అలాగే చేశారు. 1993 నుంచి 2011కి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లయ్యాయి, ఆ జబ్బుతో చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం కదల్లేదు.

థైరోగ్లోబులిన్ అనే ప్రొటీన్‌ని కొలిచే రక్త పరీక్షకి ఆపరేషన్ ముందు విలువ దాదాపు లేదు. మామూలు గడ్డకీ, వాపుకీ, క్యాన్సర్‌కీ అన్నిటికీ పెరుగుతుంది. అదే పాపిల్లరీ వచ్చి థైరాయిడ్ మొత్తం తీసేశాక చూస్తే కథ మారిపోతుంది. ఆ ప్రొటీన్‌ని తయారు చేసేవి థైరాయిడ్ కణాలే కాబట్టి, గ్రంథి పోయాక అది మళ్ళీ పెరుగుతోందంటే ఎక్కడో కణాలు మిగిలాయనో, జబ్బు తిరగబెట్టిందనో అనుమానించాలి. యంత్రానికీ యంత్రానికీ అంకె మారుతుంది కనుక ఒకసారి విజయవాడలో, ఇంకోసారి గుంటూరు కొత్తపేటలో కాకుండా ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించుకోవాలి. దాంతోపాటు యాంటీ-థైరోగ్లోబులిన్ (ఆ ప్రొటీన్ మీద ఒళ్ళు తయారు చేసే యాంటీబాడీల) పరీక్ష కూడా రాయించుకోవాలి. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి ఆ యాంటీబాడీలు ఉంటాయి. ఉంటే థైరోగ్లోబులిన్ సున్నా వచ్చినా నమ్మకూడదు. అప్పుడు డాక్టరు చూసేది యాంటీబాడీల అంకె ఏటికేడు తగ్గుతోందా లేదా అన్నదీ, మెడ స్కానూ.