పాల ప్యాకెట్టూ, 350 డిగ్రీల కేకూ

చిరంజీవులు బుజ్జికీ, చిన్నికీ అమ్మమ్మ ఆశీస్సులు.

కెనడా వాళ్లు ఎలా ఉంటారు, అమెరికా వాళ్లలాగేనా అని ఫోన్‌లో అడిగారు కదా. మీ పెద్దమ్మ దగ్గరికి, టొరంటో పక్కనున్న మిస్సిసాగా ఊరికి వచ్చి నాలుగు నెలలైంది. నన్నడిగితే వీళ్ల సంగతంతా వీళ్ల కొలతల్లో ఉందర్రా.

ఇక్కడా పాలు ప్యాకెట్లలో అమ్ముతారు తెలుసా! దేశమంతా కాదులెండి, ఒంటారియో, క్యూబెక్, ఇంకా తూర్పు కొసన ఉన్న రాష్ట్రాల్లో. ఒక సంచిలో మూడు ప్యాకెట్లు, మొత్తం 4 లీటర్లు. ప్యాకెట్టుని అలాగే ప్లాస్టిక్ జగ్గులో నిలబెట్టి, మూల కాస్త కత్తిరించి, జగ్గు వంచి పోసుకుంటారు. కాచే పనే లేదు. మొదటిరోజు నేను మూల మరీ పెద్దగా కత్తిరించేశాను. కప్పులో పడాల్సిన పాలు గట్టంతా పారాయి. ఈ ప్యాకెట్లు 1967లో వచ్చాయట. తర్వాత 1970ల్లో దేశం లీటర్లకి మారింది. సీసాలకీ అట్టడబ్బాలకీ సైజు మార్చడం పెద్ద తంటా. ప్యాకెట్టుకేం, కాస్త పొడుగో పొట్టో చేస్తే సరి. అలా నిలదొక్కుకున్నాయి.

కానీ ఆ మార్పు సగంలో ఆగింది. 1975 ఏప్రిల్ 1న రేడియోలో వాతావరణం సెల్సియస్‌లో చెప్పడం మొదలుపెట్టారు. రోడ్ల మీద మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయి. 1985లో ఈ కొలతలు మారుస్తున్న కమిషన్‌నే ప్రభుత్వం ఎత్తేసింది. అప్పటికి మారినవి మారాయి, మిగిలినవి మిగిలిపోయాయి. డ్రైవింగ్ లైసెన్సు మీద ఎత్తు సెంటీమీటర్లలో ఉంటుంది, నోటితో చెప్పేది మాత్రం అడుగులూ అంగుళాలూ. ఊరెంత దూరమంటే గంటల్లో చెబుతారు: ఆటవా నాలుగున్నర గంటలు, అంతే.

మొన్న మీ తమ్ముడికి ఒళ్లు కాలిపోతోంది. పెద్దమ్మ థర్మామీటర్ చూసి "ముప్పై తొమ్మిదమ్మా" అంది. మనకి తొంభై ఎనిమిదైతే మామూలు కదా, ముప్పై తొమ్మిదేమిటి, పిల్లాడు చల్లబడిపోతున్నాడా అని నా గుండె జారిపోయింది. తీరా లెక్క కడితే మన 102! వాడికి తగ్గాక కేకు చేస్తూ పొయ్యి 350 మీద పెట్టింది. "ఇదీ సెల్సియసేనా?" అన్నాను. "అయ్యో, అలాగైతే బొగ్గే తింటాం. పొయ్యి మాత్రం ఫారన్‌హీట్" అంది. పక్కనే అమెరికా మరి, పొయ్యిలూ వంటల పుస్తకాలూ రెండు దేశాలకీ ఒకటే.

నవ్వకండి. మీ నాన్న స్థలం కొన్నది సెంట్లలో, మీ అమ్మ గాజులు తులాల్లో, నా జడలో పూలు మూరల్లో.

ఇక్కడివాళ్లు అయినదానికీ కానిదానికీ సారీ చెబుతారని మీరు విన్నది నిజమే. కొట్లో నేను తోస్తున్న సామాన్ల బండి ఒకాయన మడమకి తగిలితే ఆయనే సారీ చెప్పాడు. 2009లో ఒంటారియోలో దానికో చట్టం కూడా చేశారు: సారీ అన్నంత మాత్రాన కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టు లెక్క కాదట. ఇక గుమ్మంలోనే బూట్లు విప్పేస్తారు, ఆ ఒక్క విషయంలో నాకు పూర్తిగా నచ్చారు.

వేసవి సెలవుల్లో వచ్చేటప్పుడు మన థర్మామీటర్ ఒకటి పట్టుకురండి. ముప్పై తొమ్మిదంటే నాకింకా టెన్షనే.

ఇట్లు,
మీ అమ్మమ్మ