గీత అవతల నిలబడ్డ గోల్ వీరుడు

ప్రియమైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

మీ బడిలో జరిగిన ఫుట్‌బాల్ పోటీల గురించి మీరు రాసిన ఉత్తరం అందింది. అందులో చివర మీలో అందరికంటే చిన్నది అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. "గోల్ వేసేవాళ్లను అందరూ భుజాల మీద ఎత్తుకుంటారు కదా, వాళ్లే పెద్దయ్యాక కోచ్‌లై గీత అవతల ఊరికే నిలబడాల్సి వస్తే బాధగా ఉండదా తాతయ్యా?" అని అడిగింది. దీనికి నేను సిద్ధాంతాలు చెప్పను; ఇరాక్ దేశానికి చెందిన ఒక మనిషి జీవితం చెబుతాను.

ఆయన పేరు ఇమ్మాన్యుయేల్ బాబా దావూద్. దేశమంతా ఆయనను అమ్మో బాబా అనే పిలుచుకుంది. 1934లో బాగ్దాద్‌లో, అస్సీరియన్లు అనే అల్పసంఖ్యాక జాతికి చెందిన ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. బాగ్దాద్‌కు పడమరగా యూఫ్రటీస్ నది ఒడ్డున హబ్బానియా అనే చోట ఆ రోజుల్లో బ్రిటిష్ వైమానిక దళానికి పెద్ద స్థావరం ఉండేది. దానిని కాపలా కాసే సైన్యంలో అస్సీరియన్లు ఎక్కువ కాబట్టి వారి కుటుంబాలూ అక్కడే ఉండేవి. మన పిల్లవాడు ఆ స్థావరపు మైదానాల్లోనే పరుగు, టెన్నిస్, ఫుట్‌బాల్ అన్నీ నేర్చుకున్నాడు. 1957 అక్టోబరులో బీరూట్‌లో జరిగిన అరబ్ క్రీడల్లో ఇరాక్ తన మొట్టమొదటి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్‌ను మొరాకోతో ఆడింది. ఆట 3-3తో సమంగా ముగిసింది. ఇరాక్ చరిత్రలో తొలి గోల్ వేసింది, అప్పటికింకా 23 ఏళ్లు నిండని అమ్మో బాబాయే. గోల్ స్తంభాలకు వీపు పెట్టి, గాలిలోకి వెనక్కి లేచి, తల మీదుగా బంతిని తన్నే బైసికిల్ కిక్‌కు ఆయన పేరుపొందాడు. అలా తన్నాలంటే కింద పడతానన్న భయాన్ని ముందే వదిలేసి ఉండాలి.

అలాంటి మనిషి ఆట విరమించి కోచ్ అయ్యాడు. దాని అర్థం మీకు తెలియాలంటే మా తాతగారి పొలానికి రావాలి. నా చిన్నతనంలో కోడెను అరకకు అలవాటు చేయాలంటే దానిని ఒంటరిగా కట్టేవారు కాదు. పని నేర్చిన పాత ఎద్దు పక్కన కాడికి కట్టేవారు. కోడె మొదట ముందుకు ఉరికేది, తరువాత మొరాయించేది, ఒక్కోసారి చాలులోనే పడుకునేది. పాత ఎద్దు మాత్రం ఉరికేది కాదు, ఆగేది కాదు, బరువు తన మెడ మీదికి వచ్చినా తన నడక తాను నడిచేది. నేను గట్టు మీద కూర్చుని ఆ రెండింటినీ పొద్దు గూకే దాకా చూసేవాణ్ణి. కోడె చేసిన తప్పుకు ములుకోల దెబ్బ పాత ఎద్దు వీపున పడిన రోజులు కూడా ఉన్నాయి. పంట ఇంటికి వచ్చాక ఊళ్లో అందరూ కోడె బలాన్నే మెచ్చుకునేవారు.

అమ్మో బాబా కోచ్ జీవితమంతా ఆ కాడి కింది నడకే. 1979లోనూ, 1984లోనూ, 1988లోనూ ఆయన జట్టు గల్ఫ్ కప్ గెలిచింది. 1982లో మన ఢిల్లీలోనే జరిగిన ఆసియా క్రీడల్లో ఇరాక్ ఫైనల్లో కువైట్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది. గోల్ వేసింది హుస్సేన్ సయీద్. మన జట్టు ఆ పోటీల్లో క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో ఓడింది. దానికి సరిగ్గా 20 ఏళ్ల ముందు, 1962లో జకార్తాలో మనకు అదే స్వర్ణం తెచ్చిపెట్టిన జట్టు కోచ్ హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన కూడా గీత అవతల నిలబడ్డ మనిషే, అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న మనిషి. మరుసటి ఏడాదే కన్నుమూశాడు. ఆయన పేరు మీరు తప్పక గుర్తుపెట్టుకోవాలి.

ఇరాక్ ఢిల్లీలో గెలిచిన ఆ రోజుల్లో ఇరాన్‌తో దాని యుద్ధం సాగుతూనే ఉంది. 1980 నుంచి 1988 దాకా సాగిన ఆ యుద్ధం మధ్యలోంచే అమ్మో బాబా కుర్రవాళ్లను కూడగట్టి 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు తీసుకువెళ్లాడు. యుద్ధం ఆగిన కొద్ది వారాలకే 1988 సియోల్‌కు తీసుకువెళ్లాడు. సియోల్‌లో వారు గ్వాటెమాలాను 3-0తో ఓడించారు.

ఇక ములుకోల సంగతి. దేశాధ్యక్షుడు సద్దాం హుస్సేన్ పెద్ద కొడుకు ఉదయ్ 1984లో ఇరాక్ ఒలింపిక్ కమిటీకి అధిపతి అయ్యాడు. జట్టు ఓడితే ఆటగాళ్లను జైల్లో పెట్టించడం, అరికాళ్ల మీద కొట్టించడం అతని పద్ధతి. ఆ దెబ్బలు తిన్నవారే తరువాత లోకానికి ఆ సంగతి చెప్పారు. అమ్మో బాబాను ఎన్నోసార్లు పదవి నుంచి తీసేశారు, మళ్లీ పిలిచారు, మళ్లీ తీసేశారు. పిలిచిన ప్రతిసారీ ఆయన వచ్చాడు. ఇక్కడ నా పోలిక సరిపోదు పిల్లలూ, ఎందుకంటే ఎద్దును కట్టేది మనం. ఈయన తనంతట తానే వచ్చి మెడ వంచాడు.

1993 అక్టోబరు 28న దోహాలో ఇరాక్ జపాన్‌తో ఆడింది. గెలిస్తే జపాన్ తొలిసారి ప్రపంచ కప్‌కు వెళుతుంది. 2-1తో ముందున్న జపాన్‌పై చివరి క్షణాల్లో కార్నర్ నుంచి వచ్చిన బంతిని జాఫర్ ఒమ్రాన్ తలతో కొట్టి 2-2 చేశాడు. జపాన్ ఆటగాళ్లు ఉన్నచోటే కూలబడిపోయారు. ఆ రోజు ఇరాక్ కోచ్ అమ్మో బాబాయే.

2003 తరువాత బాగ్దాద్‌లో బాంబులు పేలుతుంటే, పోగలిగినవారు దేశం దాటిపోతుంటే, ఆయన అక్కడే ఉండి చిన్నపిల్లలకు ఫుట్‌బాల్ బడి నడిపాడు. ఒకవైపు మధుమేహం ఒంటిని తినేస్తోంది. 2009 మే 27న దుహోక్ నగరంలో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారమే బాగ్దాద్‌లోని అల్ షాబ్ స్టేడియం ఆవరణలో సమాధి చేశారు.

బాధ ఉండదా అని అడిగావు కదా, చిన్నమ్మా. ఉంటుందనే నా నమ్మకం. అయినా నా మాట మీద ఆధారపడకండి. ఈసారి మీ బడి జట్టు ఆడేటప్పుడు కాసేపు బంతిని వదిలేసి మీ కోచ్ గారినే చూడండి. మీవాళ్లు గోల్ ముందుకు చేరి బంతిని తన్నబోయే క్షణంలో ఆయన కుడికాలు ఏం చేస్తుందో గమనించి నాకు రాయండి.

మీ తాతయ్య