ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటే కాలేజీకి సెలవు కాదు: బీఈడీలో అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో బీఈడీ వాళ్లకు గణిత బోధన పద్ధతులు చెప్తుంటాను. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటే పాఠాన్ని ఇంట్లో వీడియోలో చూసి రావడం, క్లాసు టైమంతా దాన్ని సాధన చేయడం. అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు. మొన్న పలమనేరు నుంచి ఒక తండ్రి చేశారు. "ఇప్పుడంతా వీడియోలేనంట గదా సార్, ఇంట్లోనే చూసుకోవచ్చంట. పాపకు హాస్టల్ ఎందుకు దండగ?" ఆయన్ని తప్పుపట్టను. ఆ మాట ఆయన చెవిన వేసింది సీట్లు ఇప్పించే ఏజెంటు.

అపోహ: వీడియోలు చూస్తే చాలు, కాలేజీకి రానక్కర్లేదు.

ఉన్నది దీనికి పూర్తిగా తలకిందులు. పాఠాన్ని ఇంటికి పంపేది క్లాసులో టైమ్ మిగుల్చుకోవడానికే. మైక్రోటీచింగ్, అంటే ఒక్కో బోధన నైపుణ్యాన్ని తోటివాళ్ల ముందు చిన్న పాఠంతో సాధన చేయడం, దాని లెక్క చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ నమూనాలో బోధన 6 నిమిషాలు, ఫీడ్‌బ్యాక్ 6, రీప్లాన్ 12, రీటీచ్ 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్ 6. మొత్తం 36. పదిమంది గ్రూపుకు ఒక్క నైపుణ్యానికే ఆరు గంటలు. ప్రశ్నలు అడిగే నైపుణ్యం అంటే ఏమిటో నేను బోర్డు దగ్గర నిలబడి గంటసేపు చెప్తూ పోతే ఆ ఆరు గంటలు ఎక్కణ్నుంచి తేవాలి? చాలాచోట్ల రీటీచ్ అనేది రికార్డు పుస్తకంలో తప్ప జరగదు, కారణం ఇదే.

మా దగ్గర ఒకమ్మాయి వీడియోలన్నీ చూసేది, గూగుల్ ఫామ్ క్విజ్‌లో ఎప్పుడూ ఫుల్ మార్కులే. గ్రూపు పని ఉన్న రోజు మాత్రం కనిపించేది కాదు. చంద్రగిరి వైపు ఒక హైస్కూల్లో ఏడో తరగతికి పాఠం చెప్తుంటే ఒక పిల్లోడు లేచి "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎట్లవుతుంది మేడమ్?" అన్నాడు. "అది రూల్, రాసుకో" అంది. వాడు కూర్చున్నాడు, ఆ పీరియడ్‌లో మళ్లీ నోరు విప్పలేదు. నేను వెనక బెంచీలో ఉన్నాను.

కాలేజీకి వచ్చాక ఆమె తోటివాళ్లలో ఒకరిని మొండి ఏడో తరగతి పిల్లాడిగా కూర్చోబెట్టాం. 2 ఇంటూ మైనస్ 2 అంటే మైనస్ 4, 1 ఇంటూ మైనస్ 2 అంటే మైనస్ 2, సున్నా పెడితే సున్నా. ఒక్కో మెట్టుకూ జవాబు రెండు పెరుగుతోంది కదా, మరి మైనస్ 1 పెడితే? మూడోసారికి గానీ ఆమెకు ఆ వరుస నోటికి రాలేదు. ఆ "పిల్లాడు" మధ్యమధ్యలో "ఎందుకు?" అని అడ్డం పడుతూనే ఉన్నాడు. వీడియో అడ్డం పడదు. అరకు మూడో వంతు కలిపి ఐదింట రెండు అని రాసే పిల్లలు ఏమనుకుని అలా రాస్తారో ఊహించడం కూడా నలుగురు కూర్చుంటేనే తేలుతుంది.

ఇక రూల్. బీఈడీ కోర్సులకు నిబంధనలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ. దాని 2014 నిబంధనల్లో థియరీ, ప్రాక్టికమ్ (చేసి చూపే పని)లకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రెండేళ్లలో 20 వారాలు బడికి పోవాలి, అందులో 16 రెండో ఏడాదిలో. "నాన్ అటెండింగ్" సీటు అని ఎవరన్నా డబ్బు అడిగితే ఈ అంకెలు చూపించి, ఇదంతా కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వరు.

"డీఎస్సీలో డెమో లేదు కదా సార్" అంటారు. నిజమే, రాత పరీక్ష, టెట్ వెయిటేజీ, అంతే. డీఎస్సీ పడేదాకా ఇల్లు గడవాలంటే ప్రైవేటు స్కూలుకు పోవాలి, అక్కడ ముందు అడిగేది డెమోనే.

అపోహ: ఇది కరోనా పుట్టించిన పద్ధతి. కాదు. 2007 ప్రాంతంలో అమెరికాలోని కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు ఆటల పోటీలకు పోయి పాఠాలు పోగొట్టుకున్న పిల్లల కోసం రికార్డు చేయడం మొదలుపెట్టారు.

అపోహ: స్టూడియో, స్మార్ట్ బోర్డు ఉండాలి. ఫోన్, తెల్లకాగితం, స్కెచ్ పెన్ను. ఫ్యాన్ ఆపండి, మాట వినపడాలి.

అపోహ: స్వయం, దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో సర్టిఫికెట్లు పోగేస్తే సరిపోతుంది. అవి అదనం, బీఈడీకి బదులు కావు.

అపోహ: ఇంట్లో వీలు కాని వాళ్లకు ఇది పనికిరాదు. ఇది పుకారు కాదు, భయం. పెళ్లయి, పిల్లలు పుట్టాక మళ్లీ చదువుతున్నవాళ్లు నా క్లాసులో ఏటా ఉంటారు. ఇంట్లో ఒకే ఫోన్, అదీ ఆయన డ్యూటీకి తీసుకెళ్తారు. బిడ్డ నిద్రపోయాక చూద్దామంటే తనకే నిద్ర ఆగదు. అందుకే నా వీడియోలు పది నిమిషాలు దాటవు, వాట్సాప్ గ్రూపులో చిన్న సైజులో పెడతాను. ఒక పూట రీల్స్‌కు అయ్యేంత డేటా కూడా కాదు. కాలేజీలో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. అర్థం కాని చోటు ఒక చీటీ మీద రాసుకురండి, క్లాసు ఆ చీటీలతోనే మొదలవుతుంది. చూడటం కుదరలేదని టెన్షన్ పడి ఆ రోజు క్లాసు ఎగ్గొట్టకండమ్మా. వెనక కూర్చుని ఇయర్‌ఫోన్స్‌తో చూసేసి గ్రూపులో కలవండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.